పళ్ల డాక్టరంటే భయమా? క్లినిక్‌కి థెరపీ కుక్కను తెచ్చుకునే పద్ధతి

డెంటల్ క్లినిక్‌లో థెరపీ కుక్క (భయపడేవాళ్లకు ఊరటనివ్వడానికి ట్రెయినింగ్ ఇచ్చిన కుక్క) అనగానే చాలామంది ఊహించుకునేది ఒకటే. పిల్లాడు కుర్చీలో నోరు తెరుచుకుని ఉంటాడు, ఒళ్లో కుక్క పడుకుని ఉంటుంది, డాక్టరు పన్ను తొలుస్తుంటాడు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ అలా చేయకూడదు. రోటరు (పన్ను తొలిచే పరికరం) తిరిగే సమయానికి కుక్క గదిలోంచి వెళ్లిపోయి ఉండాలి. దాని పని అంతకుముందే అయిపోతుంది: వెయిటింగ్ హాల్లో గడిచే నిమిషాలు, కుర్చీ ఎక్కడం, మత్తు ఇంజక్షన్, ఆ తర్వాత పెదవి మొద్దుబారేదాకా ఆగే సమయం. పిల్లలు ఏడుపు లంకించుకునేదీ, పెద్దవాళ్లు "ఇంకో రోజు వస్తానండీ" అని లేచిపోయేదీ ఆ సమయంలోనే.

అమెరికాలో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలతో చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. పిల్లలందరినీ కలిపి చూస్తే కుక్క ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. భయంగా ఉందని నోరు విప్పి చెప్పిన పిల్లల్లో మాత్రం, డాక్టరు కోసం ఎదురుచూసేటప్పుడు కుక్క వల్ల కొంత ఉపశమనం కనిపించింది. అందుకని పేషెంట్లందరికీ కుక్కను చూపించక్కర్లేదు. కావలసినవాళ్లకైనా అపాయింట్‌మెంట్ మొత్తం అక్కర్లేదు. చెన్నైలో చిన్న క్లినిక్ నడిపే డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. తల్లిదండ్రులకు కావలసిన సంగతులు చివర్లో విడిగా ఉన్నాయి.

ముందు పేషెంటును తేల్చుకోండి

పెద్దవాళ్ల భయాన్ని కొలవడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, డెంటల్ కాలేజీలో మీరు చదువుకున్నదే: మోడిఫైడ్ డెంటల్ యాంగ్జైటీ స్కేల్. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, వెయిటింగ్ హాల్లో కూర్చుంటే, పన్ను డ్రిల్ చేయబోతుంటే, పళ్లు క్లీన్ చేయబోతుంటే, చిగురుకి ఇంజక్షన్ ఇవ్వబోతుంటే ఎలా ఉంటుంది అన్నవి ఆ ఐదు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 25. 19 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రమైన భయం కింద లెక్క.

మొత్తం చూసి ఊరుకోకుండా ఏ ప్రశ్నకు ఎక్కువ వేశారో చూడండి. మొదటిది, రెండోది, ఐదోది ఎక్కువగా ఉన్నవాళ్లు కుక్కకు తగిన పేషెంట్లు. మూడు, నాలుగు మాత్రమే ఎక్కువగా ఉంటే వాళ్ల బాధ శబ్దంతో, ఒరుపుతో. అలాంటివారికి కుక్క కంటే హెడ్‌ఫోన్లూ, "చెయ్యెత్తితే వెంటనే ఆపేస్తాను" అనే మాటా ఎక్కువ పనిచేస్తాయి. ఆ మాట ఇచ్చాక నిజంగానే ఆపాలి. చిన్నపిల్లలకైతే నవ్వు నుంచి ఏడుపు దాకా ఐదు ముఖాల బొమ్మలు చూపించి నువ్వు ఏది అని అడగండి.

కుక్కను పెట్టకూడనివాళ్ల జాబితా కూడా చిన్నదేమీ కాదు. కుక్క బొచ్చు పడనివాళ్లు, ఆస్తమా అదుపులో లేనివాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ప్లీహం తీసేయించుకున్నవాళ్లు, చేతులమీద మానని పుండ్లు ఉన్నవాళ్లు. ముఖం వాచి జ్వరంతో పరిగెత్తుకొచ్చిన పేషెంటుకి కావలసింది వెంటనే వైద్యం, కుక్క కోసం ఆపకండి. నాలుగేళ్లలోపు పిల్లలు చెవులు పట్టి లాగుతారు, కళ్లలో వేలు పెడతారు. వాళ్ల విషయంలో దూరం నుంచి చెయ్యూపించడంతో సరిపెట్టండి. కుక్క లాలాజలం తగిలితే ప్రార్థనకు ముందు శుద్ధి చేసుకోవలసిన కుటుంబాలుంటాయి. వాళ్లు మొహమాటానికి ఒప్పుకునే పరిస్థితి రానివ్వకూడదు.

చెన్నైలో ఇంకో సంగతి మరవకూడదు. వీధికుక్క తరిమిందనో, పక్కింటి పిల్లాణ్ని కరిచిందనో కుక్కలంటేనే వణికే పిల్లలు చాలామంది. పంటి భయం మీద కుక్క భయం తెచ్చిపెట్టడం కంటే అన్యాయం లేదు. అందుకే అపాయింట్‌మెంటుకి కనీసం వారం ముందు ఫోన్లోనే తేల్చుకోవాలి. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి ఈ ధోరణిలో మాట్లాడటం నేర్పండి:

"అమ్మా, గురువారం పొద్దున బాబు వచ్చేటప్పుడు మా క్లినిక్‌లో ఒక ట్రెయినింగ్ అయిన కుక్క ఉంటుంది. బాబుకి ఇష్టమైతేనే దగ్గరికి తెస్తాం. కుక్కలంటే భయమా వాడికి?"

"కరవదు కదండీ?"

"ఇప్పటిదాకా ఎవరినీ కరవలేదమ్మా. అయినా లీష్ పట్టుకుని దాని మనిషి పక్కనే ఉంటారు. మీకు ఏమాత్రం అనుమానంగా ఉన్నా వద్దనండి, మామూలు టైమే ఇస్తాను."

"అస్సలు కరవదు" అని ఎవరూ హామీ ఇవ్వకూడదు. ఇంట్లో ఇంకెవరికైనా అలర్జీ ఉందా, బాబుతో ఎవరు వస్తున్నారు అన్నవి కూడా అదే ఫోన్లో అడగాలి. తోడొచ్చిన అమ్మమ్మ కుక్కను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే పిల్లాడు ఆవిడ ముఖమే చూస్తాడు.

కుక్క, దాని మనిషి

చెన్నైకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. జంతు సంక్షేమ కార్యకర్త జిల్ రాబిన్సన్ 1991లో హాంగ్‌కాంగ్‌లో మొదలుపెట్టిన డాక్టర్ డాగ్ కార్యక్రమాన్ని ఇక్కడ జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా నడిపింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గరికి కుక్కల్ని తీసుకెళ్లడం ఈ నగరంలో జరిగిన పనే. ఇలాంటి సంస్థల్ని గానీ, వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి కుక్కల్ని తెచ్చే ట్రెయినర్లని గానీ అడిగి మొదలుపెట్టండి. ఆన్‌లైన్లో డబ్బు కట్టి తెప్పించుకున్న సర్టిఫికెట్టు, వీపు మీద "థెరపీ డాగ్" అని కుట్టిన జాకెట్టు చూసి ఒప్పేసుకోవద్దు. కుక్కను మీ క్లినిక్‌కి పిలిపించి, పేషెంట్లు లేని పూట మీరే పరీక్షించండి.

కుక్కకు కనీసం ఏడాది నిండాలి, రెండేళ్లు దాటితే ఇంకా మంచిది. జాతి పట్టింపు అక్కర్లేదు. లాబ్రడార్లే అనుకుంటారు గానీ నెమ్మదైన నాటుకుక్క చాలా బాగా పనిచేస్తుంది. బొచ్చు తక్కువ రాలుతుంది, మద్రాసు ఎండకు తట్టుకుంటుంది. పరీక్ష ఇలా చేయండి: కుక్క వెనక రెండు మీటర్ల దూరంలో స్టీలు ట్రే కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. పడ్డాక నాలుగైదు సెకన్లలో తేరుకుని మళ్లీ మనిషి వైపు చూస్తోందా అన్నదే చూడాలి. మూల దూరి రాకపోయినా, ట్రే మీదికి దూకి మొరిగినా అది ఈ పనికి రాదు. తర్వాత తోకనీ, పాదాల్నీ, చెవుల్నీ మెల్లగా పట్టి చూడండి. మాస్కు, కళ్లద్దాలు, తల టోపీ వేసుకుని దగ్గరికి వెళ్లండి. ముఖం కనిపించని మనుషులంటే కొన్ని మంచి కుక్కలు కూడా బెదురుతాయి. చివరగా బిస్కెట్ ముక్క నేలమీద వేసి దాని మనిషి చేత "లీవ్" (వదిలెయ్) అనిపించండి. మీ క్లినిక్ నేలమీద పడేవి బిస్కెట్లు కావు కాబట్టి ఈ పరీక్షలో తప్పిన కుక్కకు రెండో అవకాశం ఇవ్వొద్దు.

కాగితాలు అడగండి: ఏడాదిలోపు వేయించిన రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో టీకాలు, లెప్టోస్పైరోసిస్ టీకా, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, నెలనెలా పిడుదులకు మందు, కార్పొరేషన్ లైసెన్సు. లెప్టో నిలవనీళ్ల ద్వారా కూడా అంటే జబ్బు, దాని టీకా గురించి కొందరు పట్టించుకోరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకి వీధుల్లో నీళ్లు నిలిచే ఊళ్లో అది చాలా అవసరం. కుక్కకు పచ్చి మాంసం పెడుతున్నారేమో కూడా అడగండి. పచ్చి మాంసం తినే కుక్క నోటిలో, మలంలో సాల్మొనెల్లా ఉండే అవకాశం ఎక్కువ. ఆసుపత్రుల్లోకి జంతువులు రావడం గురించి అమెరికాలో అంటువ్యాధుల నియంత్రణ నిపుణులు 2015లో ఇచ్చిన సూచనల్లో అలాంటి కుక్కల్ని రానివ్వొద్దనే ఉంది. ఒక్క విజిట్ గంట దాటకూడదన్నదీ అందులోదే.

కుక్కను పట్టుకునే మనిషికి (హ్యాండ్లర్‌కి) ఆ గంటసేపు ఇంకో పని ఉండకూడదు. డాక్టరుగారి సొంత కుక్క, పట్టుకునేది అసిస్టెంటు అన్న ఏర్పాటు ఎంత సులువుగా కనిపించినా వద్దు. సక్షన్ పట్టుకున్న చేత్తో లీష్ పట్టుకోవడం కుదరదు, పేషెంటు నోట్లోకి చూస్తున్న కళ్లకి కుక్క ముఖం కనిపించదు. మీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ కుక్క వల్ల జరిగే నష్టానికి వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లనడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వర్తించకపోతే కుక్కను తెచ్చే సంస్థకో మనిషికో విడిగా పాలసీ ఉండాలి.

మనకు వినబడని చప్పుడు

కుక్కను క్లినిక్‌కి అలవాటు చేయడంలో ఎక్కువమంది చేసే పొరపాటు రోటరు చప్పుడు ఫోన్లో రికార్డు చేసి ఇంట్లో వినిపించడం. అది సగం పనే. మన చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది, కుక్కకు దాదాపు 45,000 దాకా వినబడుతుంది. పళ్ల గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ పనిచేసేది సాధారణంగా 25,000 హెర్ట్జ్ పైన. పనిముట్లు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి సాధారణంగా 40,000 దగ్గర నడుస్తుంది. మీకు సన్నని సొద మాత్రమే వినిపించే చోట కుక్కకు గట్టి కూత వినిపిస్తుంది. ఆ కూత ఫోను రికార్డింగులో పడదు, స్పీకర్లోంచి రాదు. అందుకే ఇంట్లో చక్కగా పడుకున్న కుక్క క్లినిక్‌లో కారణం లేకుండా లేచి తలుపు వైపు నడుస్తుంది. స్టెరిలైజేషన్ గదిలో ఎవరో తొట్టి ఆన్ చేసి ఉంటారు.

కాబట్టి అలవాటు చేయడం అసలు చోటే జరగాలి. క్లినిక్ మూసి ఉండే పూట, రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. మొదట కుక్క గది బయట, తలుపు మూసి, ఐదారు మీటర్ల దూరంలో ఉంటుంది. లోపల స్కేలర్ రెండు మూడు సెకన్లు ఆన్ చేస్తారు. చప్పుడు మొదలవగానే కుక్కకు ఇష్టమైన ముక్క ఒకటి, ఆగగానే ముక్కలూ ఆగిపోతాయి. చప్పుడు వస్తే మంచిదేదో వస్తుందని దానికి పట్టుబడాలి. ముక్క తీసుకోవడం మానేసిందంటే దూరం తక్కువైపోయిందని అర్థం, వెంటనే రెండు మీటర్లు వెనక్కి జరపండి. తలుపు మూసి నిబ్బరంగా ఉన్నాక తలుపు తెరిచి, తర్వాత గుమ్మం దగ్గర. అంతకంటే లోపలికి తేవలసిన అవసరం లేదు, రోటరు ఆడేటప్పుడు కుక్క గదిలో ఉండదు కనుక. పనిముట్లను శుద్ధిచేసే ఆటోక్లేవ్ ఆవిరి వదిలే చప్పుడు, కంప్రెసర్ ఒక్కసారిగా మొదలయ్యే చప్పుడు, కుర్చీ మోటారు కూడా ఇలాగే ఒక్కొక్కటిగా అలవాటు చేయాలి. కుక్క వచ్చే గంటలో అల్ట్రాసోనిక్ తొట్టి నడపకూడదని స్టాఫ్‌కి చెప్పి, స్విచ్చి మీద చీటీ అంటించండి.

దీపావళికి ముందు వారం, తర్వాత వారం కుక్కను పిలవకండి. టపాకాయలకు బెదిరి ఉన్న కుక్క కొన్నాళ్లదాకా చిన్న చప్పుడుకీ అదురుతుంది.

గది సర్దడం

నేలబారుగా కూర్చుని, కుక్క ఎత్తు నుంచి గదినోసారి చూడండి. మీకు కనిపించనివన్నీ కనిపిస్తాయి.

నేల: క్లినిక్కుల్లో నున్నటి వెట్రిఫైడ్ టైల్సే ఎక్కువ. వాటిమీద కుక్క కాళ్లు జారతాయి, జారుతున్నంతసేపూ అది బిగుసుకునే ఉంటుంది. గుమ్మం నుంచి కుర్చీ దాకా, కుర్చీ పక్కన జారని రబ్బరు మ్యాటు పరవండి. ఫినాయిల్‌తో తుడిచిన తడి నేలమీదికి కుక్కను తేవద్దు, పాదాలు నాకుతుంది. తుడిచి పూర్తిగా ఆరాకే రానివ్వండి.

చెత్తబుట్టలు: రక్తం అంటిన దూది ముద్దలు పడే పసుపు సంచి కుక్క ముక్కుకు మహా ఆకర్షణ. కాలితో తొక్కితే తెరుచుకునే మూతబుట్టలే వాడండి. సూదులు వేసే తెల్ల డబ్బా బల్ల మీద ఉండాలి. పాత బర్‌లు, సూది క్యాపులు నేలమీద లేకుండా ఒకసారి టార్చి వేసి వెతకండి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, కొన్ని టూత్‌పేస్టులు, కొన్ని మౌత్‌వాష్‌లు, కొన్ని ఫ్లోరైడ్ వార్నిష్‌లలో జైలిటాల్ ఉంటుంది. మన పళ్లకు మేలు చేసే ఆ తియ్యదనం కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి షుగర్‌ను పడగొడుతుంది, ఎక్కువైతే లివర్‌ను దెబ్బతీస్తుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు షుగర్ పడిపోవడానికి. పది కిలోల కుక్కకు ఒక్క గ్రాము. కొన్ని బ్రాండ్లలో అది రెండు మూడు గమ్ముల్లోనే ఉంటుంది. రిసెప్షన్ టేబుల్ మీద పిల్లల కోసం పెట్టే శాంపిల్ ప్యాకెట్లు, సోఫా పక్కన పెట్టిన అమ్మల హ్యాండ్‌బ్యాగులు రెండూ ఎత్తు మీదికి మార్చండి. తిన్నదని అనుమానం వస్తే వాంతి అయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు. ప్యాకెట్టు చేతపట్టుకుని వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కుర్చీ: కుడిచేతి వాటం డాక్టరయితే మీరూ, మీ కాలి పెడలూ కుడివైపే ఉంటారు. అసిస్టెంటు పేషెంటు తలకు ఎడమపక్కన. కుక్కకు మిగిలేది పేషెంటు ఎడమ మోకాలి పక్కన ఉన్న చోటు. అక్కడ ఒక దిట్టమైన బెంచీ వేసి, కుర్చీ ఎత్తుకు సమానం చేసి, పైన మ్యాటు పరచండి. పేషెంటు ఎడమచెయ్యి కిందికి జారిస్తే కుక్క వీపు తగలాలి, అంత దూరం. ఏడెనిమిది కిలోల లోపు కుక్కనైతే ఉతికిన దుప్పటి వేసి ఒళ్లోనే కూర్చోబెట్టొచ్చు. కాళ్లు తన్నుకునే పిల్లాడికి మాత్రం బెంచీయే మేలు.

కుర్చీని కిందికి దించే ముందు కుక్క ఎక్కడుందో హ్యాండ్లర్ పైకి చెప్పాలి: "కుక్క బయటుంది." ఆ మాట వినకుండా బటన్ నొక్కకూడదు. దిగే కుర్చీ కింద తోక, పాదం నలిగితే కుక్కకు దెబ్బ ఒక్కటే కాదు, నొప్పికి కరిచే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ.

ఆ రోజు

పొద్దున మొదటి అపాయింట్‌మెంటే కుక్క ఉన్న అపాయింట్‌మెంట్ చేసుకోండి. ఏసీ గదులు చల్లగా, గాలిలో ముందు పేషెంటు స్కేలింగ్ తాలూకు తుంపర లేకుండా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నర దాటితే కారు నుంచి క్లినిక్ మెట్ల దాకా ఉన్న తారురోడ్డే కుక్క పాదాలను కాలుస్తుంది. అరచేతి వెనకవైపు రోడ్డుమీద ఐదారు సెకన్లు ఆన్చలేకపోతే కుక్క కూడా నడవలేదు.

అంతకుముందు 24 గంటల్లో కుక్కకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, గోళ్లు కత్తిరించి అంచులు అరగదీయాలి. లోపలికి వచ్చే ముందు బయట తిప్పి కాలకృత్యాలు కానివ్వాలి. లీష్ మీటరున్నర కంటే పొడుగ్గా ఉండకూడదు, సాగే లీష్ అసలొద్దు.

పేషెంటు అపాయింట్‌మెంటుకి పదిహేను, ఇరవై నిమిషాలు ముందు రావాలి. ముందు చేతులకు శానిటైజర్, అది పూర్తిగా ఆరాకే కుక్కను ముట్టుకోవాలి. తడిచేయి కుక్క నాకితే ఆల్కహాలే నాకినట్టు. హ్యాండ్లర్ కుక్కను రెండు మీటర్ల దూరంలో ఆపి, "నీ దగ్గరికి రమ్మంటావా?" అని పిల్లాణ్నే అడగాలి, అమ్మని కాదు. ఆ రోజంతటిలో వాడు తీసుకునే మొదటి నిర్ణయం అది. వద్దంటే దూరంగానే ఉండనివ్వండి. ఐదు నిమిషాల్లో వాడే పిలిచే సందర్భాలు చాలా ఉంటాయి, పిలవకపోయినా నష్టం లేదు.

కుర్చీ దగ్గరికి కుక్క ముందు నడవాలి, పిల్లాడు వెనక. చెప్పి, చూపించి, ఆ తర్వాత చేసే మీ పాత పద్ధతికి కుక్క చక్కగా ఒదుగుతుంది. నోటి అద్దం కుక్కకు చూపించండి, వాసన చూడనివ్వండి (ఆ అద్దం పక్కన పెట్టేసి స్టెరైల్ ట్రేలోంచి వేరేది తీసుకోండి). కుక్క పేరు లడ్డూ అనుకోండి. "లడ్డూకి ఎన్ని పళ్లుంటాయో తెలుసా? 42. నీకెన్నో లెక్కపెడదామా?" అంటే నోరు తెరుచుకుంటుంది. ఎక్స్‌రే ఉంటే తీసేటప్పుడు కుక్కా, హ్యాండ్లరూ గది బయటికి వెళ్లాలి.

ఇక ఇంజక్షన్. చిగురు ఆరబెట్టి మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు కదా, ఆ సమయంలో కుక్కను బెంచీ ఎక్కించాలి. పేషెంటు ఎడమచెయ్యి కుక్క మెడ వెనక నుంచి నడుము దాకా నెమ్మదిగా నిమరాలి, ఒక్కో నిమురుకీ ఒక అంకె. చెవుల దగ్గర, తోక దగ్గర చెయ్యి పెట్టనివ్వొద్దు. సూది గుచ్చుకున్న క్షణంలో పిడికిలి బిగుస్తుంది, అప్పుడు చేతికి దొరికేది కుక్క చెవి కాకూడదు. హ్యాండ్లర్ చెయ్యి కుక్క తలకీ పేషెంటు చేతికీ మధ్య ఉండాలి. పిడికిలి బిగిస్తే తన వేళ్లు అందించాలి. మీరు నిమిషానికి ఒక మిల్లీలీటరు మించకుండా నెమ్మదిగా ఎక్కించండి. వడిగా ఎక్కిస్తే పుట్టే నొప్పిని ఎంత మంచి కుక్కా పోగొట్టలేదు. సిరంజి పిల్లాడి కంటపడకుండా మీరెలాగూ జాగ్రత్త పడతారు. కుక్క ముక్కు పక్కనుంచి కూడా పోనివ్వకండి.

పైపళ్లకు మూడు నుంచి ఐదు నిమిషాలు, కింది దవడ నరానికి ఇచ్చినప్పుడు ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఎక్కువ క్లినిక్కుల్లో ఈ సమయంలో డాక్టరు ఫోను చూసుకుంటాడు, పేషెంటు సీలింగు చూస్తాడు. కుక్క ఉంటే ఇదే మంచి సమయం. కదిలించకండి, మాట్లాడించకండి, నిమరనివ్వండి. పెద్దవాళ్లకూ ఇదే పద్ధతి. పైకి నవ్వుతూనే కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకునే నడివయసు మగవాళ్లు ఈ ఐదు నిమిషాల్లో భుజాలు వదులు చేస్తారు.

పెదవి మొద్దుబారిందని చెప్పగానే కుక్క వీడ్కోలు. "లడ్డూ బయట కూర్చుంటుంది, నీ పని అయ్యాక కలుస్తుంది" అని చెప్పి పంపండి. చెప్పకుండా మాయం చేస్తే పిల్లాడు ఇంకోసారి మీ మాట నమ్మడు. రోటరు, స్కేలర్, గాలి, నీళ్లు చిమ్మే త్రీవే సిరంజి అన్నీ తుంపర లేపేవే. కుక్క బొచ్చు ఆ తుంపరను పట్టుకుని ఇంటికి మోసుకుపోతుంది. బొచ్చు మీది దుమ్ము మీ పని జరిగే చోటికి రావడమూ మంచిది కాదు. అందుకే పన్ను పీకడం, ఇంప్లాంటు, చిగుళ్ల సర్జరీ ఉన్నరోజు కుక్కను వెయిటింగ్ హాలు దాటనివ్వకండి.

పని పూర్తయ్యాక కలవొచ్చు, కానీ ముఖం నాకనివ్వొద్దు. పన్ను తీసిన గుంటలో కుక్క లాలాజలం పడటం ఇన్ఫెక్షన్‌కు పిలుపు. మొద్దుబారిన పెదవికి గోరు గీరుకున్నా పిల్లాడికి తెలియదు. బయలుదేరే ముందు సబ్బుతో చేతులు కడిగించండి.

కుక్క చాలంటోందని ఎలా తెలుస్తుంది

నిద్ర రాకుండా ఆవలింతలు, ఎదురుగా తిండి లేకుండానే పెదాలు నాకుకోవడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనిపించడం, ఏసీలోనూ వగర్చడం, ఒక పాదం ఎత్తి పట్టుకోవడం, ఉన్నట్టుండి బొచ్చు గుప్పున రాలడం. వీటిలో రెండు కనిపిస్తే హ్యాండ్లర్ ఎవరినీ అడక్కుండా కుక్కను బయటికి తీసుకుపోవాలి, ఆ అధికారం తనకే ఉండాలి. గుర్రుమనడం దాకా వచ్చిందంటే అంతకుముందు చెప్పినవన్నీ మనం వినలేదన్నమాట. గుర్రుమన్నందుకు కుక్కను తిట్టే హ్యాండ్లర్‌ను మళ్లీ పిలవకండి. తిట్లు తిన్న కుక్క తర్వాతిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

రోజుకు ఇద్దరు పేషెంట్లు చాలు. కుక్క వెళ్లాక దుప్పటి వేడినీళ్లలో ఉతకాలి, బెంచీ, మ్యాటు, కుర్చీ డిసిన్ఫెక్టెంట్‌తో తుడవాలి. నేల ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, చీపురు బొచ్చును గాల్లోకి లేపుతుంది. కుక్క అలర్జీ పదార్థం సోఫా గుడ్డలో చాలాకాలం ఉండిపోతుంది కాబట్టి వీలైతే కుక్క తిరిగే గది ఒకటే ఉంచి, అలర్జీ ఉన్న పేషెంట్లను రెండో గదిలో చూడండి.

గోరు గీరుకున్నా, పన్ను తగిలినా, టీకా కార్డు చూపించి సర్ది చెప్పే పని పెట్టుకోకండి. ట్యాపు కింద ధారగా నీళ్లు వదిలి సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి గానీ తమ డాక్టరు దగ్గరికి గానీ పంపాలి. రేబిస్ టీకా కావాలా వద్దా అన్నది అక్కడ తేలుస్తారు. కుక్క టీకా కార్డు జిరాక్సు పేషెంటుకు ఇచ్చి, జరిగింది జరిగినట్టు రిజిస్టరులో రాయండి.

తల్లిదండ్రులకు

ఇంట్లో పెంచుకునే కుక్కనే తీసుకొస్తామని అడుగుతుంటారు. వద్దు. మీకు ప్రాణమైనంత మాత్రాన అది కొత్తచోట, కొత్త వాసనల మధ్య కుదురుగా ఉండాలని లేదు. లవంగనూనె, స్పిరిటు వాసనకే కొన్ని కుక్కలు వెనక్కి తిరుగుతాయి. పైగా తన పిల్లాడు ఏడిస్తే పెంపుడు కుక్క డాక్టరు మీదికి వెళ్లే ప్రమాదం ఉంది.

"కుక్కను చూపిస్తాను రా" అని క్లినిక్‌కి తీసుకొచ్చి కుర్చీ ఎక్కించకండి. పంటి డాక్టరు దగ్గరికే వెళ్తున్నామని, అక్కడ ఒక కుక్క కూడా ఉంటుందని రెండూ చెప్పండి. "అల్లరి చేస్తే కుక్కను పంపించేస్తారు" అన్న బెదిరింపు వద్దే వద్దు. ఇంజక్షన్ మాట వాడు అడిగితే "చీమ కుట్టినట్టు ఉంటుంది, కాసేపటికి తిమ్మిరెక్కుతుంది" అని చెప్పొచ్చు, "ఏమీ ఉండదు" అనొద్దు. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు పెదవి కొరుక్కోకుండా చూసుకోండి.

కుక్క కుదరకపోతే

హ్యాండ్లర్ దొరకని క్లినిక్కులకి, అలర్జీ ఉన్న పేషెంట్లకి చేపల తొట్టి మంచి ప్రత్యామ్నాయం. పంటి ఆపరేషనుకి ముందు అక్వేరియం చూస్తూ కూర్చోబెట్టినవారికి ఆందోళన తగ్గిందని 1984లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కొళత్తూరు చేపల బజారులో మూడడుగుల తొట్టి, ఫిల్టరు, లైటు, చేపలు అన్నీ ఒకే వీధిలో కుదురుతాయి. నెమ్మదిగా గుంపుగా తిరిగే చిన్న చేపలు తీసుకోండి. ఒకదాన్నొకటి తరిమే జాతులు చూసేవాళ్లకి ప్రశాంతత ఇవ్వవు. తొట్టిని కూర్చున్నవాళ్ల కంటి ఎత్తున, ఆపరేటరీ (వైద్యం చేసే గది) తలుపుకు ఎదురుగోడకు పెట్టండి. చూపు తొట్టి మీద ఉంటే వీపు తలుపు వైపు ఉంటుంది, ట్రేలతో లోపలికీ బయటికీ తిరిగేవాళ్లు కనబడరు. చేపలు పెట్టడానికి ముందు తొట్టిని నీళ్లతో, ఫిల్టరుతో మూడు నాలుగు వారాలు నడపాలి. వ్యర్థాలను విరిచే బ్యాక్టీరియా పెరగకుండా చేపలు వేస్తే అమ్మోనియా ఎక్కి చచ్చిపోతాయి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. కార్పొరేషన్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒకరోజు బకెట్లో నిలవుంచి పోయండి. తెల్లారి క్లినిక్ తెరవగానే చచ్చిన చేప ఉందేమో చూసి తీసేసే పని ఎవరిదో ముందే పేరు రాసి పెట్టండి.